పర్లాకిమిడి పాత ఫోటోలు ఏ పేరుతో వెతకాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా తాతగారు 1930లలో నౌపడ–గుణుపురం చిన్న రైలు లైన్లో స్టేషన్ మాస్టరుగా చేశారు. నానమ్మ ఇక్కడి మిషన్ బడిలో చదువుకుంది. ఇంట్లో తాతగారిది ఒకే ఒక్క గ్రూప్ ఫోటో మిగిలింది, దానికీ చెదలు పట్టాయి. విదేశాల డిజిటల్ లైబ్రరీల్లో మన వైపు పాత ఫోటోలు ఉంటాయని మా అబ్బాయి చెబితే నెల రోజులుగా వెతుకుతున్నాను. ‘పారలాఖెముండి రైల్వే స్టేషన్ ఓల్డ్ ఫోటో, ఒడిశా’ అని కొడితే ఏమీ రావడం లేదు. వస్తే ఇప్పటి సెల్‌ఫోన్ ఫోటోలు వస్తున్నాయి. అసలు లేవా, నాకు వెతకడం రావట్లేదా?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా, లేవని అప్పుడే తేల్చేసుకోకండి. డిజిటల్ లైబ్రరీలో మీరు టైపు చేసే ఆ పెట్టెకు చాలాచోట్ల ఫోటో కనిపించదు. ఆ ఫోటో కింద ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కలే దానికి తెలుసు. శీర్షిక, తీసినవారి పేరు, తేదీ, ఊరు, విషయం, అంతే. మీరు కొట్టిన మాట అందులో లేకపోతే మీ తాతగారి స్టేషను నిక్షేపంగా అక్కడే ఉన్నా ‘ఫలితాలు లేవు’ అనే చూపిస్తుంది. అందుకని కంప్యూటరు ముందు కూర్చునే ముందే కాసేపు ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో మన వైపు కెమెరా పట్టుకుని తిరిగినవాళ్లు ఎవరు? ఇంటికెళ్లాక ఆ ఫోటో వెనక ఏమని రాసుకుని ఉంటారు? వాళ్ల మాట మీకు దొరికితే ఫోటో దొరకడానికి ఎంతో కాలం పట్టదు.

ముందు జిల్లా సంగతి చూద్దాం. గజపతి జిల్లా ఏర్పడింది 1992లో. అంతకుముందు మీ ఊరు గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఆ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. కలెక్టరు ఛత్రపురంలో ఉండేవాడు. కాబట్టి అప్పటికి ముందు తీసిన ఫోటోని ఏ లండన్‌లోనో సర్దినవాళ్లు దాని మీద ఉన్నదున్నట్టు ‘గంజాం, మద్రాస్ ప్రెసిడెన్సీ’ అని రాసుకుని ఆ అరలోనే పెట్టేస్తారు. ‘ఒడిశా’ అని వెతికితే అది రాదు. పైగా ‘ఒడిశా’ అన్న స్పెల్లింగు అధికారికంగా వచ్చింది 2011లో. అంతకుముందు తయారైన క్యాటలాగుల్లో ‘ఒరిస్సా’ అనే ఉంటుంది, చాలావాటిని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు వాళ్లు ఈ జవాబు చదువుతుంటే వాళ్లు గంజాం అని కూడా కొట్టక్కర్లేదు. 1936కి ముందు అదంతా విశాఖపట్నం జిల్లా. పాత కాయితాల్లో ‘విజగపటం’ అని, కొండ ప్రాంతాలైతే ‘ఏజెన్సీ’ అని కనిపిస్తుంది.

మీ రైలు లైనుది ఇంకో చిక్కు. 1936లో పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఒరిస్సాకు వెళ్లింది, కొంత భాగం మద్రాసులోనే ఉండిపోయింది. అంటే నౌపడలో బండెక్కి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వచ్చిన ఒక్క మనిషి ఒక్క రోజులో తీసిన ఫోటోలు ఇవాళ క్యాటలాగులో రెండు రాష్ట్రాల కింద పడి ఉండొచ్చు. మీ తాతగారు ఏయే స్టేషన్లలో చేశారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఒక్కో స్టేషనుకు విడివిడిగా వెతకాలి.

ఇక ఊరి పేరు. ఇప్పటి ‘పారలాఖెముండి’ స్పెల్లింగుతో పాత ఫోటో దొరకడం అరుదు. బ్రిటిష్ కాలం కాయితాల్లో ఎక్కువగా కనిపించేది ‘పార్లాకిమెడి’. ఇంగ్లీషులో పి, ఏ, ఆర్, ఎల్, ఏ, కె, ఐ, ఎం, ఇ, డి, ఐ. దీన్నే ‘పర్లా’ ఒక మాట, ‘కిమెడి’ ఒక మాటగా విడదీసి రాసినవీ ఉన్నాయి. మొదటి ‘ఏ’ స్థానంలో ‘యు’ పెట్టినవీ, చివర ‘ఐ’కి బదులు ‘వై’ పెట్టినవీ ఉన్నాయి. ఇన్ని రకాలూ వరసగా కొట్టే ఓపిక లేకపోతే కె, ఐ, ఎం, ఇ, డి వరకు రాసి పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. ఆ గుర్తును అర్థం చేసుకునే లైబ్రరీ అయితే కిమెడి, కిమెడీ అన్నీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. అన్ని సైట్లూ దాన్ని ఒప్పుకోవు, సైట్లో ‘సెర్చ్ హెల్ప్’ అని ఉన్న పేజీ ఒకసారి చూసుకోండి. తెలుగు లిపిలో, ఒడియా లిపిలో వెతకడం మాత్రం విదేశీ ఫోటో సేకరణల్లో దాదాపు దండగే.

పాత పేర్లన్నీ ఒకచోట కావాలంటే మాల్ట్‌బీ రాసిన గంజాం డిస్ట్రిక్ట్ మాన్యువల్ (1882), ఫ్రాన్సిస్ రాసిన విజగపటం గెజిటీర్ (1907) తెరవండి. రెండింటి స్కాన్ ప్రతులూ నెట్‌లో ఉన్నాయి. మన భంజనగర్ అందులో రస్సెల్‌కొండ, శ్రీకాకుళం చికాకోల్. ఊరి పేరు కనపడ్డ చోటల్లా ఆ స్పెల్లింగు ఒక కాయితం మీద ఎక్కించుకుంటే వెతికేటప్పుడు చేతికింద ఉంటుంది.

ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది, దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన ఊళ్ల పేర్లతో వేరే ఊళ్లు ఉన్నాయి. బరంపురం స్పెల్లింగుతో బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో ఊరు ఉంది. అక్కడ పెద్ద కంటోన్మెంటు ఉండేది, 1857 గొడవల తొలి అలజడి అక్కడే మొదలైంది కాబట్టి దాని ఫోటోలు, బొమ్మలు బోలెడు. మన జయపురానికి పాత ఇంగ్లీషులో ఏ స్పెల్లింగు వాడారో రాజస్థాన్ జైపూర్‌కూ అప్పట్లో అదే స్పెల్లింగు వాడేవారు. ఆఖరికి గంజాం కూడా మనకొక్కళ్లకే లేదు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ సమాధి ఉన్న పేట పేరు గంజాం. సోషల్ మీడియాలో ‘మన బరంపురం, వందేళ్ల కిందట’ అని తిరిగే ఫోటో ఏదైనా కనిపిస్తే షేర్ చేసే ముందు అసలు క్యాటలాగు పేజీలో జిల్లా పేరు చూడండి. తప్పు ఫోటో ఒకసారి ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తే దాన్ని వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు, మన చరిత్ర పేరుతో పిల్లలు పక్క రాష్ట్రం వాళ్ల మేడలు చూసి మురిసిపోతుంటారు. వెతికేటప్పుడే ఊరి పేరు పక్కన ‘గంజాం’ గానీ ‘మద్రాస్’ గానీ చేర్చండి. కొన్ని సైట్లలో ‘బెంగాల్’ అన్న మాటకు ముందు మైనస్ గుర్తు పెడితే అవి తప్పుకుంటాయి.

ఇప్పుడు కెమెరా పట్టుకున్నవాళ్ల దగ్గరికి వద్దాం. మీ విషయంలో నాకు నాలుగు రకాల మనుషులు కనిపిస్తున్నారు.

మొదటిది రైలువాళ్లు. పర్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి వేయించిన ఈ లైను 1900లో నౌపడ నుంచి మీ ఊరి దాకా మొదలైంది, 1931 నాటికి గుణుపురం చేరింది. పేరు ‘పార్లాకిమెడి లైట్ రైల్వే’, నడిపింది బెంగాల్ నాగపూర్ రైల్వే. అందుకని ‘రైల్వే స్టేషన్’ అని వెతికే బదులు ‘లైట్ రైల్వే’, ‘పి.ఎల్.ఆర్.’, ‘బి.ఎన్.ఆర్.’, ‘నేరోగేజ్’ అని వెతకండి. ఇందులో ఇంకో తెగ ఉంది, ఆవిరి ఇంజిన్ల పిచ్చి ఉన్న బ్రిటన్ వాళ్లు. అక్కడ స్టీమ్ ఇంజిన్లు పోయాక 1970, 80లలో వాటికోసం మన దేశమంతా తిరిగారు. వాళ్లకు ఊరు ముఖ్యం కాదు, ఇంజిన్ ముఖ్యం. ఫోటో కింద ఇంజిన్ తరగతి, నంబరు రాసి వదిలేస్తారు. కానీ ఆ ఇంజిన్ వెనక మీ తాతగారు కూర్చున్న గది, నీళ్ల ట్యాంకు, ప్లాట్‌ఫారం మీది చెట్టు ఉండొచ్చు. ఆయన రిటైరయ్యాక తీసిందే అయినా చిన్న స్టేషన్ల కట్టడాలు త్వరగా మారలేదు కాబట్టి వదలొద్దు. 2004లో నేరోగేజ్ బండి ఆగి, లైను బ్రాడ్‌గేజ్ అయ్యాకే ఆ రూపురేఖలు పోయాయి.

రెండోది మిషన్ వాళ్లు. మీ నానమ్మగారి సంగతి చదవగానే నాకు ఆశ పుట్టింది, ఎందుకంటే మన సరిహద్దు ఊళ్లలో మామూలు జనాన్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని ఫోటో తీసింది ఎక్కువగా వీళ్లే. దొరలు రాజుల్ని, గుళ్లను తీసుకుంటే మిషన్ వాళ్లు బడి పిల్లల్ని, నర్సుల్ని, ఆస్పత్రి వరండాల్ని తీశారు. చందాలిచ్చే వాళ్లకు చూపించాలి మరి. పర్లాకిమిడి వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టులు. శవర కొండల్లో సెరంగో ఆస్పత్రి కూడా వాళ్లదే. వాళ్ల కాయితాలు కెనడాలో హామిల్టన్ ఊళ్లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్నాయి. వాళ్ల లెక్కలో మన ప్రాంతం మొత్తం తెలుగు మిషనే కాబట్టి ‘తెలుగు’ అన్న మాటతో వెతికితే ఒరిస్సాలో ఉన్న ఊళ్లూ తగులుతాయి. దాని పక్కన ‘గర్ల్స్ స్కూల్’, ‘బోర్డింగ్’, ‘డిస్పెన్సరీ’ లాంటి మాటలు ఒక్కోటి మార్చి చూడండి. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీలో ఇంటర్నేషనల్ మిషన్ ఫోటోగ్రఫీ ఆర్కైవ్ అని ఒకటుంది, చాలా మిషన్ల ఫోటోలు ఒకేచోట వెతకొచ్చు. జయపురం, కోరాపుట్ వాళ్లకు ఒక మాట. మీ వైపు 1880ల నుంచి జర్మనీకి చెందిన బ్రెక్లమ్ మిషన్ పనిచేసింది. వాళ్ల శీర్షికలు జర్మన్‌లో ఉంటాయి, కాబట్టి బడి, ఆస్పత్రి, పెళ్లి లాంటి మాటల్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో జర్మన్‌లోకి మార్చుకుని వాటితో వెతకండి.

మూడోది రాజుగారి చుట్టూ ఉన్న కెమెరాలు. అప్పట్లో చిన్న స్టేషనును ఎవరూ ఊరికే ఫోటో తీయరు. గవర్నరు వచ్చినప్పుడు, మామిడి తోరణాలు కట్టినప్పుడు తీస్తారు. అలాంటి ఫోటో కింద స్టేషన్ పేరు ఉండకపోవచ్చు, ‘గవర్నర్ టూర్’ అనో ‘రాజా ఆఫ్ పార్లాకిమెడి’ అనో ఉంటుంది. అప్పటి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు, 1937లో ఒరిస్సా మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. కాబట్టి ఆయన పేరు, బిరుదు పట్టుకుంటే ఊరి పేరుతో రానివి వస్తాయి.

నాలుగోది కొండజాతుల మీద పరిశోధన చేసినవాళ్లు. మీకు అంతగా పనికిరాకపోవచ్చు గానీ మల్కన్‌గిరి, కోరాపుట్ పాఠకులు లండన్‌లోని సోయాస్ అనే కాలేజీ డిజిటల్ సేకరణల్లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఫోటోలు తప్పక చూడాలి. అక్కడ ఊరి పేరు కన్నా తెగ పేరుతో వెతకడం మేలు.

పేర్లు సిద్ధమయ్యాక వెతికే పద్ధతి పెద్ద కష్టం కాదు. రెండు మాటలకు మించి కొట్టకండి. మీరు కొట్టిన ‘రైల్వే స్టేషన్ ఓల్డ్ ఫోటో’లో ‘ఓల్డ్’ అని ఏ క్యాటలాగూ రాయదు, ఫోటోల సేకరణలో ‘ఫోటో’ అని చెప్పే పనీ లేదు. మాట పెరిగేకొద్దీ ఫలితాలు తగ్గుతాయి. పక్కన ఉండే తేదీ ఫిల్టరును మొదట్లో ముట్టుకోవద్దు. పాత ఫోటోల్లో చాలావాటికి తేదీయే లేదు. 1930–1940 అని పెట్టగానే తేదీ లేనివన్నీ కనిపించకుండా పోతాయి, మనకు కావాల్సింది వాటిల్లోనే ఉండొచ్చు.

మన జిల్లాకు సంబంధించిన ఒక్క ఫోటో దొరికినా సరే, అసలు పని అక్కడ మొదలవుతుంది. దాన్ని చూసి పేజీ మూసేయకండి. అది ఏ ఆల్బమ్‌లోది, ఎన్నో నంబరు అని చూడండి. ఉదాహరణకు ఒక ఆల్బమ్‌లో 41వ ఫోటో కింద ‘రాజుగారి కోట, పార్లాకిమెడి’ అని ఉందనుకుందాం. 42 కింద ‘నది’ అని మాత్రమే ఉంది. 43 కింద ‘గ్రూప్, రైల్వే స్టాఫ్’. 44 కింద ‘క్యాంపు నుంచి మహేంద్రగిరి’. ఊరి పేరుతో వెతికితే మీకు వచ్చేది 41 ఒక్కటే. కానీ ఆ మనిషి కోట చూసి, మహేంద్రతనయ ఒడ్డుకు వెళ్లి, స్టేషనుకు వచ్చి, తర్వాత కొండ వైపు కదిలాడని వరస చూస్తేనే తెలుస్తుంది కదా. 43లో నిలబడ్డవాళ్లు మీ ఊరి స్టేషన్ వాళ్లే అయ్యే అవకాశం బాగా ఉంది. అందుకే ఒక్క ఫోటో దొరికిన ఆల్బమ్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాలి. నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్న పద్ధతి ఇదే.

ఆ తర్వాత జూమ్ చేసి చూడండి. ఫోనులో వద్దు, కంప్యూటరులో. కొన్ని గ్రూప్ ఫోటోల్లో ముందు వరస కాళ్ల దగ్గర నేల మీద ఒక పలక ఉంటుంది, దాని మీద సుద్దతో సంవత్సరం, ఊరు రాసి ఉండొచ్చు. టోపీ మీద బ్యాడ్జీలో కంపెనీ పేరు ఉండొచ్చు. వెనక గోడ మీద బోర్డులో ఏ లిపి ఉందో చూడండి. అయినా మనిషి పోలిక ఒక్కటీ చూసి ‘ఈయన మా తాతగారే’ అని ఖాయం చేసుకోకండి. మీ దగ్గరున్న గ్రూప్ ఫోటోలోని ఇంకొక ముఖమో, అదే గోడో, అదే బల్లో రెండింట్లో కలిస్తే అప్పుడు నమ్మొచ్చు.

ఆ గ్రూప్ ఫోటో గురించి చెప్పకుండా ఉండలేను. దయచేసి దాన్ని లామినేషన్‌కు ఇవ్వకండి. చెదలు తిన్నవాటిని కాపాడాలని మన ఊళ్లలో అందరూ చేసేది అదే, దాంతో ఫోటో శాశ్వతంగా పాడవుతుంది. గుడ్డతో తుడవకండి. ఫ్రేము నుంచి సులువుగా వస్తే తీసి, కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట పెట్టి, ఫ్లాష్ లేకుండా ముందూ వెనకా ఫోటో తీయించండి. అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకుండా అలాగే తీయించండి. అట్ట అడుగున స్టూడియో పేరు, ఊరు అచ్చొత్తి ఉండొచ్చు. ఉంటే ఆ స్టూడియో పేరు కూడా మీకు వెతకడానికి ఇంకో మాట.

దొరికిన ప్రతి ఫోటోకీ దాని నంబరు, శాశ్వత లింకు, లైబ్రరీ పేరు అక్కడికక్కడే రాసుకోండి. ఉత్త బొమ్మ సేవ్ చేసి పెట్టుకుంటే రేపు అది ఎక్కడిదో మీరే చెప్పలేరు. ఇంట్లో చూసుకోవడానికి ఇబ్బంది లేదు. పుస్తకంలో వేయాలంటే మాత్రం క్యాటలాగు పేజీలో ‘రైట్స్’ అని ఉండే హక్కుల గడి చదవండి. 2012 సవరణ తర్వాత మన చట్టం ప్రకారం ఫోటో తీసినవారు చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది (అంతకుముందు ఫోటో ప్రచురితమైన తర్వాతి ఏడాది నుంచి లెక్కపెట్టేవారు), లైబ్రరీల నియమాలు అదనం.

ఇన్ని చేసినా రాకపోతే, స్కాన్ కాని పెట్టెలు ఇంకా ఉంటాయని గుర్తుపెట్టుకోండి. నెట్‌లో పెట్టింది సేకరణలో కొంత భాగమే. ఆర్కైవ్ వాళ్లకు ఈమెయిల్ రాయండి, అడిగినవాళ్లకు వాళ్లు జవాబిస్తారు. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. మీ తాతగారి పేరు, ఉద్యోగం, స్టేషన్ల పేర్లు పాత స్పెల్లింగులతో సహా, సుమారు సంవత్సరాలు, ‘గంజాం జిల్లా, మద్రాస్ ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా’ అన్న వివరం, స్కాన్ కానివాటిలో ఈ ఊళ్లవి ఉన్నాయా అన్న ప్రశ్న. మెక్‌మాస్టర్ వాళ్లకు రాసే ఉత్తరంలో తాతగారి బదులు నానమ్మగారి పేరు, పెళ్లికి ముందు ఇంటిపేరు, బడిలో ఉన్న సంవత్సరాలు పెట్టండి. మీ అబ్బాయి చేత టైపు చేయించి ముందు ఆ ఉత్తరమే పంపండి.